గుమ్మానికి కట్టిన వేపమండలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జబ్బుపడే హక్కు మగవాళ్లకే ఉండేది. పైకి ఎవరూ అలా అనేవారు కాదు గానీ, జరిగేది మాత్రం అదే. ఒకసారి మా నాన్న బండి దిగబోతూ మడమ మెలికపడి కూలబడ్డాడు. ఎముక విరగలేదు, చర్మం కూడా గీరుకుపోలేదు. అయినా వీధి అరుగు మీద నులకమంచం పడింది, మంచం మీద బొంత పడింది, బొంత మీద మా నాన్న పడ్డాడు. ఆముదపాకులు వెచ్చచేసి కాపడం పెట్టడానికి మా అమ్మ, విసరడానికి నేను, వచ్చినవాళ్లకి ఆ పడిన వైనం చెప్పడానికి మా నాయనమ్మ. ఆయన కాలు నేలకి ఆనించకుండా ఆ వైభోగమంతా అనుభవించి, వాపు తీసిన తర్వాత ఇంకొన్నాళ్లు కూడా అనుభవించి, చివరికి తనకే విసుగుపుట్టి లేచాడు. ఆ రోజుల్లో మా అమ్మ ఎప్పుడు తిందో, ఎప్పుడు నడుం వాల్చిందో చూసినవాళ్లు లేరు. ఆ మంచం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ మరుసటి వేసవిలో మా అమ్మ కడుపు కోయించుకుని ఇంటికి వస్తే, అదే మంచం అరుగు మీద గోడకి నిలబెట్టి ఉంది. దాన్ని వాల్చుదామని ఒక్కరికీ తోచలేదు. అమ్మకి లోపలి గదిలో చాప పరిచారు.

మాది చీపురుపల్లి నుంచి బొబ్బిలి వైపు పోయే దారిలో ఒక ఊరు. వరి, గోగు, చోళ్లనే రాగులు పండించేవాళ్లం. ఇంట్లో అమ్మానాన్నలు, నాయనమ్మ, నేను కాక మా మేనత్త కూడా ఉండేది. ఆమె మా నాన్నకి అక్క. పెళ్లయిన కొత్తలో అత్తారింట్లో ఉండగా మశూచి పోసి ముఖమంతా గుంటలు పడిపోతే, మొగుడు తీసుకొచ్చి పుట్టింట్లో దించి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఊళ్లో పెళ్లిళ్లకి ఆమెని పిలిచేవారు గానీ, పీటల దగ్గరికి వస్తే మొహాలు పక్కకి తిప్పుకునేవారు. మా పొలం పనీ గేదెల పనీ ఆమె నెత్తి మీదే ఉండేవి. తెల్లవారుతూనే వెళ్లిపోయి పొద్దు వాలాక గాని ఇంటికి వచ్చేది కాదు.

అమ్మ కడుపులో గడ్డ ఉందన్న సంగతి చాలాకాలం అమ్మకి ఒక్కదానికే తెలుసు. నొప్పి వచ్చినప్పుడు గోడకి ఆనుకుని పళ్లు బిగించేది, తగ్గాక మళ్లీ పనిలో పడేది. ఒకరోజు నూతి దగ్గర బిందెతో సహా పడిపోయింది. అప్పుడు గాని మా నాన్నకి ఆసుపత్రి గుర్తు రాలేదు. విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. తోడుగా అత్త వెళ్లింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మా నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పిందట. లోపలి కుట్లు పచ్చిగా ఉన్నాయి, రెండు నెలలు బరువు ఎత్తకూడదు, వంగకూడదు, పొయ్యి ముందు గొంతుక్కూర్చోకూడదు, కుట్లు తెగితే మళ్లీ బతికించడం మా వల్ల కాదు అని. మా నాన్న ప్రతి మాటకీ తలూపాడట. చీపురుపల్లిలో రైలు దిగాక బండిలో గడ్డి మెత్తగా పరిపించి, అమ్మని పడుకోబెట్టి తీసుకొచ్చాడు. ఆ గడ్డితో తన వంతు తీరిపోయిందనుకున్నాడు కాబోలు.

మర్నాడు పొద్దున్న అమ్మని లేవమని ఎవరూ అనలేదు. ఈ మాట నేను పనిగట్టుకుని చెబుతున్నాను. ఎందుకంటే తర్వాత మా వాళ్లంతా "మేం లెగమన్నామేటి?" అనే వాదించారు. నిజమే, అనలేదు. ఖాళీ బిందెలు నూతిగట్టు మీద అలాగే వదిలేశారు. పొయ్యిలో బూడిద ఎత్తలేదు. మా నాన్న అరుగు మీంచి "అంబలి అయిందా?" అని గోడని అడిగినట్టు అడిగాడు. మా నాయనమ్మ అడ్డచుట్ట కాల్చేది, వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని. ఆ చుట్టతోనే వంటింటి గుమ్మంలో కూర్చుని ఆరిపోయిన పొయ్యి వంక చూస్తూ ఉండిపోయింది. ఇంటిల్లిపాదీ అంతసేపు అలా ఎదురుచూస్తుంటే చాప మీద మనిషి పడుకోగలుగుతుందా? అమ్మ ఒక చేత్తో పొట్ట, ఇంకో చేత్తో గోడ పట్టుకుని లేచి వచ్చింది. వచ్చాక "అయ్యో, ఏల లెగిసేవు?" అని కూడా అన్నారు. అంటూనే అంబలి గిన్నె ఆమె చేతిలోంచి అందుకున్నారు.

ఆ మీదట పరామర్శలు మొదలయ్యాయి. ఊరి ఆడవాళ్లు వచ్చి అమ్మ చుట్టూ కూర్చుని, ఇలాగే కోయించుకుని కన్నుమూసిన వాళ్ల సంగతులు ఒకటొకటిగా చెప్పేవారు. గది ఉడికిపోయేది. గాలి ఆడేది కాదు. ఒక ముసలమ్మకి దాహం వేసేది, ఇంకొకామెకి చుట్టకి నిప్పు కావలసి వచ్చేది. మజ్జిగ చేసింది అమ్మే, పొయ్యి దగ్గరికి వెళ్లి నిప్పు తెచ్చిందీ అమ్మే. తనని చూడ్డానికి వచ్చినవాళ్లకి తనే మర్యాదలు చేసి పంపింది. వాళ్లు పోతూ పోతూ "మనిషి బాగానే తిరుగుతున్నాదే" అని మెచ్చుకుని మరీ పోయారు.

అత్త ఊరుకోలేదు. పొలం నుంచి రాగానే అమ్మని పొయ్యి దగ్గర చూసి తమ్ముడి మీద విరుచుకుపడింది. డాక్టరమ్మ మాటలన్నీ మళ్లీ అప్పజెప్పింది. మా నాన్న కోప్పడలేదు. ఆయన శాంతమే నాకు ఇప్పుడు ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

"ఇంటి పని కూడా ఒక పనేటప్పా? ఆడోలకి ఇయ్యన్నీ మామూలే," అన్నాడు.

మా నాయనమ్మ చుట్ట తీసి పక్కన పెట్టి, "నాను పురిటి మంచం మీంచి లెగిసి వరి ఉడుపులకెల్లేను. నన్నెవులు తొంగోమన్నారు?" అంది.

పోనీ పొలం మానేసి తనే ఇంటిపట్టున ఉండి అమ్మని చూసుకుంటానంది అత్త. "మరి గేదెల్ని ఎవులు సూస్తారు?" అన్నాడు మా నాన్న. గేదెల్ని చూసుకోవడానికి మనిషి లేకపోతే ఇల్లు గడవదు. మా అమ్మని చూసుకోవడానికి మనిషి లేకపోయినా గడిచిపోతోంది మరి. ఆ లెక్క ఆ ఇంట్లో ఎవరికీ తప్పుగా కనిపించలేదు.

తర్వాత ఒక సాయంత్రం అమ్మ చీర మీద నెత్తుటి మరక అత్త కంటపడింది. అమ్మ గబుక్కున కొంగు లాగి కప్పుకుంది, ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు. అత్త ఆ మరక వంక చూసింది, అమ్మ ముఖం వంక చూసింది, మెల్లగా పెరట్లోకి వెళ్లిపోయింది. ఆమె అంత నిమ్మళంగా ఉండడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు నేను లేచేసరికి అమ్మ పడుకున్న గది గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. గడపకి పసుపు రాసి ఉంది. గడప ముందు చెంబులో పసుపునీళ్లున్నాయి. అత్త తలారా స్నానం చేసి, తడి జుట్టు విరబోసుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మోరు వొచ్చీసినాది. ఒల్లంతా పోసీసింది. ఆటలమ్మే, పెద్దమ్మోరు కాదు. ఎవులూ ఈ గడప దాటకండి," అంది.

ఇప్పటి పిల్లలకి తెలియదు కనక చెబుతాను. ఆటలమ్మ గానీ, పెద్దమ్మోరనే మశూచి గానీ వస్తే మా వైపు దాన్ని జబ్బు అనేవారు కాదు. అమ్మవారు ఆ మనిషి ఒంటి మీదికి వచ్చి కూర్చుందనేవారు. ఆవిడ దిగివెళ్లేదాకా ఆ మనిషిని పేరుపెట్టి పిలవరు, తల్లీ అంటారు. గట్టిగా కసరరు. పనిమాట ఎత్తరు. ఇంట్లో తాలింపు ఘుమాయించదు, చుట్టపొగ ఉండదు, పైవాళ్లు గుమ్మం తొక్కరు. ఏం కావాలంటే అది తెచ్చి పెడతారు. పక్కన ఒక్క మనిషే ఉండాలి, ఆ మనిషి కూడా అమ్మవారి చేతిలో ముందే పడి లేచినదైతే మంచిది. మా ఇంట్లో అలాంటి మనిషి అత్తే అని వేరే చెప్పక్కర్లేదు. పెళ్లి పీటల దగ్గరికి పనికిరాని ఆ ముఖం ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడితే, ఇంక దానికి ఎదురు చెప్పగలిగినవాళ్లు ఊరు మొత్తం మీద లేరు.

అప్పుడు చూడాలి మా ఇంటి తమాషా. మా నాన్న అరుగు మీంచి లేచి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, గడపకి ఇవతల రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. నాయనమ్మ నోట్లో చుట్ట తీసి పెరట్లో తొక్కి ఆర్పేసింది. పరామర్శకి బయలుదేరిన ఆడవాళ్లు వేపమండలు చూసి వీధిలోంచే దండం పెట్టి వెనక్కి తిరిగారు. పొయ్యి ఎవరు వెలిగించారనుకున్నారు? నాయనమ్మే. నూతిలో నీళ్లు ఎవరు తోడారనుకున్నారు? మా నాన్నే, భుజాన కావడి వేసుకుని మరీ మోశాడు. గేదెలకి కూడా మనిషి దొరికాడు, ఆయనే. ఈ చేతులన్నీ నిన్నటిదాకా ఎక్కడున్నాయని అడగడానికి అప్పుడు నాకు వయసు చాలలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, కానీ జవాబు చెప్పవలసినవాళ్లు లేరు.

నేను మాత్రం ఆ పొద్దంతా పశువుల పాకలో కూర్చుని ఏడ్చాను. అమ్మ ముఖం కూడా అత్త ముఖంలా అయిపోతుందని, అప్పుడు నాన్న అమ్మని తీసుకెళ్లి తాతగారింట్లో దించి వస్తాడని నా భయం. అత్త వెతుక్కుంటూ వచ్చి నన్ను చూసింది. చెయ్యి పట్టుకుని పెరటి తలుపులోంచి గదిలోకి లాక్కెళ్లింది. అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. అత్త ఆమె చెయ్యి ఎత్తి నా చేతికిచ్చి నిమరమంది. నున్నగా ఉంది. మెడ చూశాను, వీపు చూశాను. ఎక్కడా ఒక్క పొక్కు లేదు.

"అమ్మోరు రానేదు గుంటా. మీ అమ్మని తొంగోబెట్టడానికి నాకింకో దారి కనపడనేదు," అంది అత్త నెమ్మదిగా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకోలేదు. నా ముఖం చూసి అక్కర్లేదనుకుంది.

గది మూల చిన్న కలశం పెట్టి దానికి పసుపు రాసి ఉంచింది. రోజూ దాని ముందు దీపం పెట్టి, "నీ పేరు వాడుకుంతన్నాను తల్లీ. ఏల వాడుకుంతన్నానో నీకు తెల్సు," అనేది. ఆమెకి భయం లేకపోలేదు. నమ్మని మనిషైతే అది ఉత్త నాటకమయ్యేది. ఆమె పూర్తిగా నమ్మింది, నమ్మి కూడా ఆ పని చేసింది.

ఇంక ఆ గదిలో అత్త మా అమ్మకి చేసిన సేవ నేను చివరిదాకా మరిచిపోను. కాచి చల్లార్చిన నీళ్లతో గాయం తుడిచి, మెత్తటి పాతబట్ట వేసేది. లేపి కూర్చోబెట్టేటప్పుడు ముందు పక్కకి తిప్పి, అప్పుడు భుజం కింద చెయ్యి వేసి లేపేది. పొద్దున్నా సాయంత్రమూ గదిలోనే మెల్లగా నడిపించేది. మిగతా వేళల్లో ఊరికే పక్కన కూర్చునేది. ఊళ్లో కబుర్లు చెప్పేది, గేదెల మీద పితూరీలు చెప్పేది. నేలమీద సుద్దతో గళ్లు గీసి ఇద్దరూ గవ్వలాడేవారు. అత్త ఎవరినైనా అనుకరిస్తే అమ్మకి నవ్వు ఆగేది కాదు. నవ్వితే కుట్లు లాగుతాయని అత్త ముందుగానే ఒక తలగడ అమ్మ పొట్టకి అదిమి పట్టి, అప్పుడు నవ్వించేది. మా అమ్మ నవ్వు ఎలా ఉంటుందో నాకు ఆ గదిలోనే తెలిసింది. వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో అన్నేళ్లు ఉన్నారు, కూర్చుని మాట్లాడుకున్నది మాత్రం అప్పుడే.

మొదట్లో అమ్మని ఏం కావాలని అడిగితే ఏమీ వద్దనేది. ఆయన తిన్నారా, గుంటకి జడ ఎవరు వేశారు, కుండలో చోడిపిండి ఉందా, ఇవే ఆమె మాటలు. అత్త కసిరింది.

"అమ్మోరు అలా అనదే! ఏదోటి అడగాల. అడక్కపోతే ఆల్లకి అనుమానం వస్తాది."

అమ్మ చాలాసేపు ఆలోచించింది. తనకి ఏం కావాలో తనని ఎవరూ ఎప్పుడూ అడగలేదు కనక, చటుక్కున తోచలేదు. చివరికి సిగ్గుపడుతూ తాటిముంజలంది. అత్త గుమ్మంలోకి వెళ్లి, తల్లి ముంజలు అడుగుతోందని ప్రకటించింది. మా నాన్న ఎండలో పడి వెళ్లి, గెల కొట్టించి, భుజాన మోసుకొచ్చాడు. గడప ఇవతల పెట్టి, "సల్లగా సూడు తల్లీ, తప్పులుంటే సెమించు తల్లీ," అని వంగి వంగి దండాలు పెట్టాడు. తలుపు సందులోంచి చూస్తున్నాను నేను. మా అమ్మని ఆయన "ఏమే", "ఒసే" అని తప్ప ఇంకో మాటతో పిలవగా నేను విని ఎరగను. అదే మనిషి, అదే గుమ్మం, లోపల అదే ఆడది. ముంజలు చాలా తియ్యగా ఉన్నాయి.

తర్వాత అమ్మకి కొంచెం ధైర్యం వచ్చింది. ఇకమీదట నా పిల్ల చేత బిందెలు మోయించొద్దంది. అదీ అమ్మవారి ఆజ్ఞే అయింది.

ఆ రోజే అనుకుంటాను, అమ్మ అత్తని అడిగింది, వదినా, నీకీ ఆలోచన ఎలా వచ్చిందని. అత్త గవ్వలు చేతిలో పోసుకుని ఆడిస్తూ చెప్పింది. తనకి మశూచి పోసినప్పుడు అత్తారింట్లో తనని పువ్వుల్లో పెట్టి చూశారట. మామగారు కాళ్లకి దండం పెట్టాడట. మొగుడు వేపకొమ్మతో విసిరాడట. "పొక్కులున్నన్నాల్లూ తల్లీ తల్లీ అన్నారు. పొక్కులు రాలిపోనాయి, మొకం సూసేరు, బండి కట్టీసేరు," అంది. అంటూ గవ్వలు వేసింది. అమ్మ తన పందెం వేయడం మరిచిపోయి అత్త చెయ్యి పట్టుకుంది. నా కోపం ఆ మాటతో పుట్టింది. అంతకుముందు నాకున్నది ఏడుపే.

ఆటలమ్మ ఎన్నాళ్లో ఉండదు. తల్లి ఎప్పుడు దిగుతుంది, నీళ్లు ఎప్పుడు పోస్తావని మా నాన్న గడప దగ్గర మెల్లగా అడగడం మొదలుపెట్టాడు. అమ్మకి ఇంకా వంగితే కళ్లు తిరుగుతున్నాయి. ఇంకొన్నాళ్లు ఎలా గడపడమా అని అత్త తల పట్టుకుంది. సరిగ్గా అప్పుడే మా నాయనమ్మ మజ్జిగ ముంత తెచ్చి గడప దగ్గర పెట్టబోతూ లోపల నవ్వు విన్నది. అత్త పెరటి దోవన నీళ్లకి వెళ్లింది. అమ్మా నేనూ గవ్వలాడుతున్నాం.

నాయనమ్మ గడప దాటి వచ్చేసింది. తిన్నగా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసింది. చీర తప్పించి పొట్ట చూసింది. బొడ్డు కింద నుంచి ఎర్రగా కుట్ల గీత. ఒక పక్క ఇంకా మానలేదు. ఆమె ఇప్పుడు ఒక్క కేక వేస్తే అమ్మ మళ్లీ పొయ్యి ముందుకి, అత్త వీధిలోకి. ఆ కుట్లు ఈసారి తెగితే అమ్మ ఇంక ఉండదు. అది నాకు తెలుసు. అమ్మ అప్పుడు కూడా ఏం చేసిందో చెబితే నమ్మరు. చేతులూని లేవబోతూ, "లెగుస్తానత్తా," అంది.

నాయనమ్మ ఆమె భుజం మీద అరచెయ్యి వేసి చాప మీదికి నొక్కింది. "తొంగో," అంది.

అత్త నీళ్లబిందెతో పెరటి గుమ్మంలో ఆగిపోయింది. తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నాయనమ్మ గొంతు తిట్టినట్టే ఉంది.

"ఇంతమందిని కన్నాను. ఇన్ని పురుళ్లలోనూ నా మీదికి ఒక్కపాలీ రానేదేమే ఈ తల్లి?"

"అప్పటికి నాను సిన్న గుంటనమ్మా," అంది అత్త. "పెద్దయ్యుంటే మండలు కట్టీదాన్ని."

నాయనమ్మ ముంత తీసి అమ్మ పక్కన పెట్టి, గడప దాటి వెళ్లిపోయింది. అరుగు మీంచి మా నాన్న అడగడం వినిపించింది, ఎలా ఉందని. "తల్లి కోపమ్మీదున్నాది. ఇప్పట్లో దిగదు. నువ్వు అడక్కు," అంది.

ఆ మాటతో మా నాయనమ్మ మీద నా కోపం కొంత చల్లారింది. అంతా చల్లారలేదు. ఆ బాధ తనకి తెలుసు కదా. తెలిసి కూడా ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుని చుట్ట కాలుస్తూ ఎదురుచూసింది కదా. తెలియనివాళ్లని క్షమించడం నాకు సులువు, తెలిసినవాళ్లనే క్షమించలేను.

కుట్లు పూర్తిగా మానాయని అత్తకి నమ్మకం కుదిరాక, అమ్మవారు దిగింది. పసుపూ వేపాకూ వేసిన నీళ్లు పోశారు. మా నాన్న కోడిని మొక్కి, డప్పులు కొట్టించి, ఊరి అమ్మవారికి చలివిడి నైవేద్యం పెట్టించాడు. తన భార్యని బతికించినందుకు ఆ తల్లికి సాష్టాంగపడ్డాడు. బతికించిన మనిషి వెనకాల చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన అటు తిరిగి కూడా చూడలేదు.

ఆ మర్నాడు పొద్దున్న గుమ్మానికి వేపమండలు లేవు. అత్తా నేనూ పెరట్లో పేడకళ్లు ఎత్తుతున్నాం. అరుగు మీంచి మా నాన్న గొంతు వినిపించింది. "ఒసే, అంబలి అయిందా?" అంత దైవభక్తీ రాత్రికి రాత్రి ఎటు పోయిందో! అత్త నా వంక చూసింది.

"పొక్కులు రాలిపోనాయి సూడు," అంది.

నాకు నవ్వు రాలేదు. ఆమెకీ రాలేదు. చేతులు కడుక్కుంటూ అంది, "అబద్దమాడేను గుంటా. మీ అమ్మ బతికినాది కాబట్టి ఆ తల్లి నన్నేటీ అనదు. నువ్వు మాత్రం ఇలాటి అబద్దం ఆడక్కర్నేకండా బతకాల."

మా అత్త పోయి చాలా ఏళ్లయింది. మా అమ్మ ఆమె కన్నా కొన్నాళ్లు ఎక్కువే బతికింది. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నేనూ ముసలిదాన్నయ్యాను. ఇన్నేళ్లలో ఆటలమ్మని దేవతలా చూసేవాళ్లు తగ్గిపోయారు, పిల్లలకి టీకాలు వేయిస్తున్నారు, మంచిదే. ఆ ఖాళీ బిందెలు మాత్రం ఇంకా నూతిగట్టు మీదే ఉన్నాయి.

పోయిన నెల మా కోడలికి కడుపు ఆపరేషన్ అయింది. మేమిప్పుడు విజయనగరంలో ఉంటున్నాం. కోడలిని దగ్గరుండి చూసుకోవడానికి శృంగవరపుకోట అవతలి నుంచి ఒక అమ్మాయిని కుదుర్చుకున్నాం. మందులివ్వడం, స్నానం చేయించడం, చెయ్యి పట్టుకుని నడిపించడం, పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం, ఇవీ ఆ పిల్ల పనులు. వచ్చిన రోజే మావాళ్లు ఆ పిల్ల చేత అంట్లు తోమించారు. మర్నాడు చుట్టాలు దిగారు. మా అబ్బాయి హాల్లో సోఫాలోంచి కేకేశాడు, "అమ్మా, ఆ అమ్మాయిని అందరికీ టీ పెట్టమను" అని.

నాకు ఎక్కడో అరుగు మీంచి వినిపించినట్టయింది. వెళ్లి చుట్టాల ముందే చెప్పాను. "ఆ పిల్ల మనింటి పనికి రానేదురా. నీ పెల్లానికి తోడుకి వొచ్చింది. టీ నువ్వెట్టు." వాడు చదువుకున్నవాడు, పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు, చెడ్డవాడు కాడు. మా నాన్న కూడా చెడ్డవాడు కాడు, అదే నా బాధ. వాడు లేచి వంటింట్లోకి వెళ్లి, పంచదార డబ్బా ఎక్కడుందని అడిగాడు. ఇన్నేళ్ల కాపురంలో పంచదార ఎక్కడుంటుందో తెలియని మగాడికి నేను అమ్మనని ఆ రోజు నాకు సిగ్గేసింది.

టీ తాగి, చుట్టాల్లో ఒకావిడ గ్లాసు కింద పెట్టి లేచింది. కోడలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆ పిల్ల ఏదో చెబుతోంది, మా కోడలు నవ్వుతోంది. "ఇప్పుటికీ పడకేనా? అంతలా ఏటైందమ్మా మీ కోడలికి?" అంది ఆవిడ.

"ఆపరేషనైంది. పడుకున్నాది," అన్నాను.

"అంతేనా? ఇంకేటీ నేదా?"

"ఇంకేటి కావాల?" అన్నాను.

ఆవిడ ఒకసారి చూసి పోతానంటూ తలుపు తోయబోయింది. గుమ్మానికి వేపమండలు లేవు మరి, ఎవరైనా తోస్తారు. నేను కుర్చీ లాక్కుని ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.